ఒకటో తరగతి నుంచి చైనీస్: యూటాలో మా అబ్బాయి చదివే బడి గురించి

అమెరికాలోని యూటా రాష్ట్రం 2009లో తన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టిన ద్విభాషా బోధన కింద మా అబ్బాయి ఇప్పుడు మూడో తరగతి చదువుతున్నాడు. రోజులో సగం ఇంగ్లీషు, సగం చైనీస్. రెండింటికీ వేర్వేరు టీచర్లు, వేర్వేరు గదులు. చైనీస్ గదిలో టీచరు ఇంగ్లీషు మాట్లాడరు.

ఇక్కడ చైనీస్ విడిగా ఒక సబ్జెక్టు కాదు. చిన్న తరగతుల్లో లెక్కలు కూడా ఆ భాషలోనే చెబుతారు. మొదట నేను భయపడిన విషయం ఇదే, ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకునేదీ ఇదే. చైనీస్‌లో పదకొండును ‘పది ఒకటి’ అనీ, ఇరవైమూడును ‘రెండు పది మూడు’ అనీ అంటారు కనుక, పదుల స్థానం, ఒకట్ల స్థానం పిల్లవాడికి అంకె పలుకుతుండగానే అర్థమవుతాయి.

ఉచ్చారణ విషయంలో తెలుగు ఇళ్ల పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. చైనీస్ పలుకుబడిని రోమన్ అక్షరాల్లో చూపే పిన్‌యిన్ పద్ధతిలో ‘బి’ అని రాసినది నిజానికి మన ‘ప’, ‘పి’ అని రాసినది దాని ఒత్తక్షరం. అలాగే ‘డి’, ‘టి’ అన్నవి త, థలకూ, ‘జి’, ‘కె’ అన్నవి క, ఖలకూ దగ్గరగా ఉంటాయి. ఇంగ్లీషు అలవాటుతో చదివితే ఇవన్నీ తప్పుతాయి. మేము ఇంట్లో తెలుగు గుణింతాలు చెప్పిస్తూ ఉండడం వల్ల మావాడికి ఆ తేడా సులభంగా పట్టుబడింది. వరుసలు కూడా అంతే: నానమ్మకు ‘నైనై’, అమ్మమ్మకు ‘వైపో’ అని వేర్వేరు మాటలున్నాయని, అక్కకూ చెల్లికీ ఒకే పేరు కాదని తెలిసినప్పుడు వాడికి అది వింతగా తోచలేదు, ఇంటి మాటలాగే తోచింది.

స్వరాలు, అంటే అక్షరాన్ని పలికేటప్పుడు గొంతులోని ఎత్తుపల్లాలు, మాత్రం ఎవరికైనా కష్టమే. ‘మా’ అన్న ఒక్క అక్షరం స్వరాన్ని బట్టి అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు అని నాలుగు అర్థాలనిస్తుంది. ఈ బడి మీద నాకున్న పెద్ద అసంతృప్తి ఇక్కడే. ఇంటికి పంపే పాఠం కాగితం మీద ఉంటుంది గానీ, దానితో పాటు వినడానికి ఏ రికార్డింగూ రాదు. చైనీస్ రాని తల్లిదండ్రులు పిల్లవాడు సరిగా పలుకుతున్నాడో లేదో ఎలా చెప్పగలరు? ఈ మాట రెండుసార్లు రాతపూర్వకంగా అడిగాము, ఇంకా మార్పు రాలేదు. పైగా చైనీస్ గదికి మూడేళ్లలో ముగ్గురు టీచర్లు మారారు. ప్రతిసారీ పిల్లలు కొత్త గొంతుకు అలవాటు పడడానికి కొన్ని వారాలు పట్టింది.

రాత నేర్పే తీరు బాగుంది. గళ్ల పుస్తకంలో, గీతల వరుస తప్పకుండా, తక్కువ అక్షరాలే రాయిస్తారు. సూర్యుడి గుర్తు పక్కన చంద్రుడి గుర్తు చేరిస్తే ‘మింగ్’, అంటే వెలుగు, అవుతుందని వాడు మాకు గీసి చూపించిన రోజు నాకు బాగా గుర్తుంది.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. చేర్పించాలనుకునేవారు ఒకటో తరగతికి ముందే దరఖాస్తు చేయాలి, ఎందుకంటే భాష రాని పిల్లవాడు మధ్యలో వచ్చి అందులోనే లెక్కలు నేర్చుకోవడం చాలా కష్టం. వచ్చే ఏడాదికి వాడి చెల్లెలి పేరు కూడా ఇచ్చాము.