వేరుశనగ: ఒత్తుగా విత్తడమా, పలుచగా విత్తడమా?

పక్కలకు పాకకుండా గుబురుగా పెరిగే గుత్తి రకం వేరుశనగలో మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచి, సాళ్ల దూరాన్ని 30 నుంచి 22.5 సెంటీమీటర్లకు తగ్గిస్తే, చదరపు మీటరుకు 33కు బదులు 44 మొక్కలు నిలుస్తాయి. ఒత్తు పైరు నేలను త్వరగా కప్పి కలుపును అణచివేస్తుంది. తామర పురుగులు (రసం పీల్చే చిన్న పురుగులు) మోసుకొచ్చే మొవ్వుకుళ్ళు అనే వైరస్ తెగులు సోకే మొక్కల శాతం కూడా తగ్గుతుంది కనుక, ఆ వైరస్ బెడద ఉన్నచోట ఒత్తుగా విత్తడమే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే గుబురును చేత్తో పాయదీసి చూస్తే పొద్దెక్కినా అడుగు ఆకులు తడిగానే ఉంటాయి. మొదళ్ల చుట్టూ తెల్లని బూజు, ఆవగింజల్లాంటి గోధుమరంగు ఉండలు కనిపిస్తే కాండం కుళ్ళు పక్క మొక్కలకు పాకుతోందన్నమాట. పలుచని పైరులో గాలి ఆడుతుంది, ఒక్కో మొక్కకు కాయలు పెరుగుతాయి. కానీ మొలక దెబ్బతిని ఖాళీలు పడితే, తీగ రకాల్లా పక్కలకు పాకలేని గుత్తి రకాలు ఆ లోటును పూర్తిగా పూడ్చలేవు.