డైసల్ఫిరాం మాత్ర: మింగేది ఆయన, కాపలా నాది

తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే ఈ మాత్రను మా ఇంట్లో మావారి కోసం చాలాకాలంగా వాడుతున్నాం. పొద్దున టిఫిన్ తర్వాత నా కళ్లెదుటే వేసుకోవాలన్నది హన్మకొండలోని మా డాక్టర్ పెట్టిన షరతు. మొదట్లో ఆ షరతే నాకు ఎంతో నచ్చింది. ఎందుకంటే ఇది వేసుకున్నాక మద్యం తాగితే ఒంటికి పడదు కాబట్టి తాగాలా వద్దా అన్నది సాయంత్రం వైన్స్ ముందు కాకుండా పొద్దున్నే తేలిపోయేది, రాత్రిపూట ఆయన నోటి వాసన పట్టే పని నాకు తప్పింది.

ఆ మెచ్చుకోలు దసరా దాకానే నిలిచింది. పరకాల దగ్గర మా ఆడబిడ్డ ఊరికి వెళ్లేముందు "నేనే వేసుకుంట తియ్" అని మాత్రల డబ్బా తన దగ్గర పెట్టుకున్న మనిషి, కొన్నాళ్లు మానేసి, ఇక ప్రభావం పోయిందనుకుని, "కల్లు ఏం జేస్తది, చెట్టు నీళ్లే గద" అంటూ తాటికల్లు తాగాడు. కాసేపటికే ముఖం, ఛాతీ ఎర్రబడి, గుండె దడదడలాడి, ఊపిరాడక వాంతులు చేసుకుంటుంటే చుట్టాలు దిష్టి తగిలిందన్నారు, మజ్జిగ తాగించమన్నారు. నేను మాత్రం కారు మాట్లాడి దవాఖానకు తీసుకెళ్లి, అక్కడి డాక్టర్‌కు మొదటి మాటగా ఈ మాత్ర పేరే చెప్పాను. పడిపోయిన బీపీ సెలైన్, ఆక్సిజన్ పెట్టాక గానీ నిలకడకు రాలేదు. మద్యం నుంచి కాలేయంలో తయారయ్యే ఎసిటాల్డిహైడ్‌ను విరిచే ఎంజైమును ఈ మాత్ర పనికిరాకుండా చేస్తుందనీ, శరీరం కొత్త ఎంజైమును తయారుచేసుకునేదాకా, అంటే మాత్ర ఆపిన 14 రోజుల వరకూ, ప్రమాదం ఉండవచ్చనీ మా డాక్టర్ మావారికి ముందే చెప్పి ఉన్నారు. కూరలో తెలియకుండా ఏదైనా పొడి కలిపిపెట్టమని సలహా ఇచ్చే బంధువులు ఆ పూట మంచం పక్కన ఉండి చూడాల్సింది. గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే మద్యంతో వచ్చే ఈ రియాక్షన్ ప్రాణాంతకం కావచ్చు.

అయినా నా అసలు కోపం ఆ సంఘటన మీద కాదు. ఈ మాత్ర భయాన్ని పెడుతుందే తప్ప తాగాలనే కోరికను తగ్గించదు. ఆ కోరికకు కౌన్సెలింగ్ ఉంది, నాల్ట్రెక్సోన్ లాంటి వేరే మందులున్నాయి, కానీ వాటి మాటెత్తితే "గోలి మింగుతున్న గద, ఇంక దవాఖానకెందుకు?" అనే జవాబు వస్తుంది. చికిత్సలో ఒక భాగంగా ఇచ్చిన మాత్ర మా ఇంట్లో చికిత్సను తప్పించుకునే సాకైంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి ఆయన గురించి కాక నా నిద్రలేమి గురించి తెలుగులో మాట్లాడుకోగలిగిన రోజు నుంచి నాకు కొంత ఊరటగా ఉంది.

రోజూ తాగే మనిషికి ఇంట్లోనే హఠాత్తుగా మాన్పించి దీన్ని మొదలుపెట్టకూడదు, ఫిట్స్ రావచ్చు. మావారిని ముందు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. గుండె బాగుండి, దవాఖాన దగ్గర్లో ఉండి, పొద్దున ఇంట్లో ఎవరో ఒకరం ఉంటాం కాబట్టి మాకు ఇది ఇప్పటికీ పనికొస్తోంది. తెల్లవారకముందే పనికి వెళ్లే ఇల్లాలికి మాత్రం నేను సిఫారసు చేయలేను. కాలేయ పరీక్షను ఆయన వాయిదా వేస్తూ వస్తున్నారు. ఆ రిపోర్టు చేతికి వస్తేనే వచ్చే నెల మాత్రలు కొంటానని చెప్పాను, ఇంకా జవాబు రాలేదు.