కుళాయి మూతికి చిన్న జాలీ: ఆరు నెలలు వాడాక

వంటింటి సింకు కుళాయికి ఏరేటర్ బిగించి ఆరు నెలలైంది. నీళ్ళలో గాలి కలిపే జాలీ ఇది, బొటనవేలి కొనంత వస్తువు. నీళ్ళు, కరెంటు వృథా కాకూడదని, ప్లాస్టిక్ తగ్గాలని ఇంట్లో చేసుకున్న మార్పుల్లో చాలావాటిని రోజూ గుర్తుపెట్టుకోవాలి. గుడ్డసంచి మరిచిపోయి బయల్దేరిన రోజులు నాకెన్నో ఉన్నాయి. దీన్ని మాత్రం ఒక్కసారి బిగిస్తే చాలు.

బిగించే ముందు కొలిచి చూశాను. కుళాయి పూర్తిగా తిప్పితే లీటరు మగ్గు 5 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 12 లీటర్లు. బిగించాక అదే మగ్గుకు 10 సెకన్లు పట్టింది. అయినా ధార సన్నబడినట్టు అనిపించదు. జాలీ దగ్గర నీళ్ళలో గాలి కలుస్తుంది కాబట్టి తెల్లగా, మెత్తగా, నిండుగా పడుతుంది. ఒంటిమీదికి చిమ్మదు. గిన్నెలు కడిగేటప్పుడు మా కుళాయి రోజుకు మొత్తం మీద 10 నిమిషాలు పారుతుంది. ఆ లెక్కన రోజుకు 60 లీటర్లు, ఏడాదికి దాదాపు 22,000 లీటర్లు మిగులుతాయి. ఆ నీళ్ళను తోడి, శుద్ధిచేసి, ఇంటిదాకా పంపడానికయ్యే కరెంటూ మిగులుతుంది. వేడినీళ్ళ కుళాయికి పెడితే కాచే ఖర్చు కూడా తగ్గుతుంది.

మా అమ్మకు నచ్చలేదు. "ఈ గిన్నె నిండేదాకా నేనిక్కడే నిలబడాలా?" అంది. ఆమె మాట నిజమే. పాత్ర నింపడానికి ఎన్ని నీళ్ళు కావాలో అన్నీ పట్టాల్సిందే, ఆలస్యం తప్ప ఆదా ఉండదు. కడగడం, జాడించడం వంటి పనులకే ఇది పనికొస్తుంది.

కొనేటప్పుడు కొలత చూసుకోండి. లోపలి మర ఉన్న కుళాయిలకు 24, బయటి మర ఉన్నవాటికి 22 మిల్లీమీటర్లవి ఎక్కువగా సరిపోతాయి. నేను తెచ్చిన మొదటిది పట్టలేదు, డబ్బా మీద కొలతే వేయలేదు. అది తయారీదారు చేసిన తప్పు.

మూడో నెలలో ధార ఒక పక్కకు వంగింది. విప్పి చూస్తే జాలీ నిండా ఇసుక రేణువులు, తెల్లటి సున్నపు పొర. గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే మళ్ళీ కొత్తదానిలా పనిచేసింది. మీ నీళ్ళలో సున్నం ఎక్కువైతే ఈ పని తరచుగా చేయాలి. అసలే నీళ్ళు నెమ్మదిగా వచ్చే ఇంట్లో మాత్రం దీన్ని కొనవద్దు.

చేతులు కడుక్కునే కుళాయికి రెండోది తెచ్చి పెట్టాను. బకెట్టు నింపే కుళాయిని అమ్మ కోసం అలాగే వదిలేశాను.