ల్యూట్ మీటు: బొటనవేలు లోపలికా, బయటికా? గిటార్ వాళ్లకు ఏది మేలు?

నెల్లూరులోనో ఒంగోలులోనో గిటార్ వాయిస్తూ ల్యూట్ (పాతకాలపు యూరప్ తీగ వాద్యం) సంగీతం మీద మనసు పడ్డవాళ్లు వెంటనే ల్యూట్ కొననక్కర్లేదు. నైలాన్ తీగల గిటార్ చాలు. మూడో తీగను జి నుంచి ఎఫ్ షార్ప్‌కు దించితే ఆరు జతల (పక్కపక్కనే ఉండి కలిపి మీటే తీగలు) ల్యూట్ శ్రుతి వరస వచ్చేస్తుంది. మూడో మెట్టు మీద క్యాపో (తీగలన్నిటినీ అదిమిపట్టే బిగింపు) పెడితే స్థాయి కూడా కలుస్తుంది. స్టీలు తీగల గిటార్ మాత్రం ఈ పనికి రాదు, గోరు లేని వేలికి అది కోత. దానికే నైలాన్ తీగలు బిగించినా బిగువు చాలక పలక (పెట్టె పైచెక్క) పలకదు.

ఇక అసలు తగువు కుడిచేతి బొటనవేలిది.

బొటనవేలు లోపలికి పోయే పద్ధతి పాతది. 15వ శతాబ్దం చివర్లో ప్లెక్ట్రమ్ (తీగ మీటే పుల్ల) వదిలి వేళ్లకు మారినప్పుడు, కిందికీ పైకీ కొట్టే అలవాటు అలాగే వేళ్లకు దిగింది. బొటనవేలు కిందికి, చూపుడువేలు పైకి. 1507లో వెనిస్‌లో పెత్రుచ్చి అచ్చువేసిన ల్యూట్ పుస్తకాల్లోనే మెట్టును చూపే అంకె కింద చుక్క ఉంటే చూపుడువేలు, లేకుంటే బొటనవేలు. ముంజేయి దాదాపు తీగల వెంబడే రావాలి, మణికట్టు వంగకూడదు. చిటికెన వేలు పలక మీద ఆనుతుంది. బొటనవేలు మీటి చూపుడువేలి వెనగ్గా అరచేతిలోకి వెళ్తుంది. కదలిక ముంజేతి తిప్పులోంచి పుట్టాలి. బొటనవేలి కణుపు కొక్కెంలా ముడుచుకుంటుంటే తప్పు పట్టుబడిందన్నమాట.

దీని లాభం పరుగు స్వరాల్లో తెలుస్తుంది. తాళం దెబ్బ మీద బరువైన బొటనవేలు, మధ్యలో తేలికైన చూపుడువేలు పడి, గట్టి మెత్తల నడక దానంతటదే వస్తుంది. గిటార్ మీద చిక్కు ఏమిటంటే పెట్టె వెడల్పు మోచేతిని పైకి నెడుతుంది. ఫుట్‌స్టూల్ దించి, మోచేతిని పెట్టె చివరికి జరిపితే కొంత సర్దుకుంటుంది. పూర్తిగా కాదు.

బయటికి పద్ధతి 1600 ప్రాంతంలో జోరందుకుంది. మంద్ర తీగలు పెరిగేకొద్దీ, 11, 13 జతల బరోక్ ల్యూట్‌లో వాటిని అందుకోవాలంటే బొటనవేలు ముందుకు చాచక తప్పదు. మంద్రంలో మీటిన బొటనవేలు పక్క జత మీద ఆనుకుంటుంది. పై స్వరాలకు మధ్యవేలు, చూపుడువేలు మారి మారి. క్లాసికల్ గిటార్ చేతికి ఇది చుట్టమే, కొత్తగా నేర్వాల్సింది చిటికెన వేలిని ఆనించడం ఒకటే. వీణలో ఆ వేలు తాళం తీగలు మీటుతుంది, ఇక్కడ దాని ఉద్యోగం కదలకుండా నిలబడటం! గట్టిగా నొక్కితే నొప్పి ముంజేతి దాకా పాకుతుంది. కాగితం కదలనంత బరువు చాలు.

రెంటికీ గోళ్లు తీసేయాలి. అరచేతి వైపు నుంచి చూస్తే గోరు కనబడకూడదు. ల్యూట్‌లో జత తీగలు రెండూ కలిసి మోగాలి, గోరు ఒకదాన్నే పట్టి టిక్కుమంటుంది. కండతో జతను పలక వైపు కొంచెం అదిమి వదలాలి. ల్యూట్ తీగ బిగువు సుమారు 3 కిలోలు, గిటార్‌ది దాదాపు రెట్టింపు. ఆ బలంతో అలవాటైన చేయి ల్యూట్ మీద తీగల్ని చిటపటలాడిస్తుంది. రోహిణి కార్తె చెమటకు వేలికొస తీగకు అంటుకుంటుంది, వాయించే ముందు చేతులు కడిగి పొడిగా తుడుచుకోండి.

గిటార్ వదిలే ఉద్దేశం లేనివాళ్లు బయటి పద్ధతే పట్టుకోండి. ఇంగ్లండ్ ల్యూట్ స్వరకర్త జాన్ డౌలాండ్ పాటల్లో చాలావాటికి అది సరిపోతుంది. 16వ శతాబ్దపు మొదటి సగం సంగీతమే కావాలనుకుని, ఎప్పటికైనా ల్యూట్ కొనేవాళ్లకే లోపలి పద్ధతి. రోజూ పది నిమిషాలు, మెట్రోనోమ్ 60 మీద, దెబ్బకు రెండు స్వరాలు, ముందు ఒకే వట్టి తీగ మీద. రెండూ ఒకే నెలలో మొదలుపెడితే మణికట్టుకు ఏ కోణమూ కుదరదు.