ప్లియేనా, అరమండా?
మా పాప నల్లగొండలో కూచిపూడి నేర్చుకుంటుంది, ఇంటికొచ్చి ఫోన్‌లో యూరప్ శాస్త్రీయ నృత్యం బ్యాలే చూస్తుంది. "రెండూ మోకాళ్లు వంచుడే కదా నాన్నా" అంది. పూర్తిగా కాదు.

బ్యాలేలో మోకాళ్లు వంచడాన్ని ప్లియే అంటారు, ఫ్రెంచిలో 'వంచినది' అని. 1661లో పద్నాలుగో లూయీ పారిస్‌లో నృత్య అకాడమీ పెట్టించాడు, బ్యాలే మాటలు ఫ్రెంచిలోనే స్థిరపడ్డాయి. డెమీ ప్లియేలో సగమే వంగాలి, మడమలు నేల వదలవు. గ్రాండ్ ప్లియేలో బాగా కిందికి దిగుతారు, మడమలు లేస్తాయి (పాదాలు దూరంగా పెట్టే రెండో పొజిషన్‌లో తప్ప). ఎగిరే ముందూ, దిగేటప్పుడూ మోకాళ్లకు ఇదే స్ప్రింగు. అక్కడ ఎక్కువసేపు ఆగరు.

కూచిపూడిలో సగం కూర్చునే భంగిమ అరమండి. ఇందులో ఆగాలి. బ్యాలేలోలాగే పాదాలు ఇక్కడా పక్కలకు తిప్పే ఉంటాయి, కానీ సగం కూర్చునే అడుగు కొట్టాలి, నేల మోగాలి. బ్యాలేలో చప్పుడు రాకుండా దిగాలి.

నాకైతే అరమండే కష్టం. రెండు నిమిషాలకే తొడలు మండాయి.