గ్యారేజ్ గోడకి స్టీల్ పెగ్ బోర్డ్: 8 నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది స్టీల్ పెగ్ బోర్డ్ కిట్ రివ్యూనే, అంటే రంధ్రాల్లో హుక్కులు దూర్చి పనిముట్లు తగిలించుకునే బోర్డ్. కానీ బోర్డ్ కొని గోడకి కొట్టేసినంత మాత్రాన గ్యారేజ్ బాగుపడదు, దాని ముందు చేసిన శుభ్రం కథ చెప్పకపోతే రివ్యూ సగమే అవుతుంది, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

మా గ్యారేజ్ బండి కోసం కట్టిందే కానీ బండి లోపల పెట్టి ఏళ్లయింది. నేను చెక్కపని చేస్తా, ఇంట్లో ఏ రిపేర్ వచ్చినా నేనే చూస్తా, మా నాన్న పనిముట్లు కూడా అక్కడే ఉంటాయి. టేబుల్ మీద సుత్తి, దాని మీద రంపం, దాని మీద ఉప్పు కాగితాలు, వాటి మీద ఎప్పుడో సగం వాడి వదిలేసిన పెయింట్ డబ్బా. బోల్టు బిగించడానికి 2 నిమిషాలు చాలు, దానికి కావాల్సిన 12-13 పానా దొరకడానికి అరగంట. వెతికి వెతికి విసుగొచ్చి అసలు పనే మానేసిన రోజులు చాలా ఉన్నాయి, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. పనిముట్లన్నీ ఉండి కూడా పని చేయలేకపోవడం ఏంటి అని.

శుభ్రానికి 3 రోజులు పట్టింది, నేనూ తమ్ముడూ కలిసి చేశాం. టయోటా ఫ్యాక్టరీల నుంచి ప్రపంచమంతా పాకిన 5ఎస్ పద్ధతి గురించి వినే ఉంటారు, అందులో మొదటి అడుగు సెయిరి, అంటే అక్కర్లేనిది వేరు చేసి తీసేయడం. సర్దడం రెండోది, తుడవడం మూడోది. నేను ఇన్నాళ్లూ రెండో దాంతో మొదలుపెట్టేవాణ్ణి, ఉన్న చెత్తనంతా అందంగా డబ్బాల్లో సర్దేవాణ్ణి, నెల తిరిగేసరికి మళ్లీ మామూలే. ఈసారి బయట టార్పాలిన్ పరిచి ప్రతి వస్తువూ బయటికి తెచ్చి పెట్టాం, ఒక్క మేకు కూడా లోపల ఉంచలేదు. కొలత టేపులు 4, ఒకే సైజు ఎలెన్ కీ సెట్లు 3 బయటపడ్డాయి. అంటే కనపడక మళ్లీ మళ్లీ కొన్నవే.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్తా. ఒకటి, రంపపు పొట్టు పేరుకున్న గదిని పొడి చీపురుతో ఊడ్చకండి. పెద్ద పొట్టు కింద పడిపోతుంది కానీ సన్నటి దుమ్ము గంటల తరబడి గాల్లోనే ఉంటుంది, అదే లోపలికి పోయేది. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకం అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ గ్రూప్ 1 లో పెట్టింది, అంటే అనుమానం కాదు, తేల్చేసిన విషయం. మేం ఎన్95 మాస్కులు పెట్టుకుని వ్యాక్యూమ్‌తో లాగి, మిగిలింది తడిగుడ్డతో తుడిచాం.

రెండోది ఇంకా ముఖ్యం. టేబుల్ కింద ఒక మూల, అవిసె నూనె రాసిన పాత గుడ్డలు ఉండచుట్టి పడేసి ఉన్నాయి. చెక్కకి పాలిష్ పెట్టినప్పుడు వాడి అలా విసిరేసినవి. అవిసె నూనె ఆరడం అంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు, గాల్లో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం, ఆ క్రమంలో వేడి పుడుతుంది. గుడ్డ విప్పి పరిస్తే ఆ వేడి గాల్లో కలిసిపోతుంది, ఉండచుడితే లోపలే పెరిగి పెరిగి అగ్గిపుల్ల కూడా అవసరం లేకుండా దానంతట అదే అంటుకుంటుంది. మావి ఎప్పుడో ఆరి గట్టిపడిపోయాయి కాబట్టి సరిపోయింది, కానీ చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. పక్కనే థిన్నర్ డబ్బా! ఇప్పుడు అలాంటి గుడ్డలకి మూత ఉన్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి ఉంచాం, వాడగానే అందులోకే.

సరే బోర్డ్ సంగతికి వద్దాం.

కిట్‌లో 4 స్టీల్ ప్యానెల్స్, రకరకాల హుక్కులు 30 పైన, చిన్న ప్లాస్టిక్ ట్రేలు 6, స్క్రూలు, స్క్రూ పట్టు కోసం గోడ రంధ్రంలో దూర్చే ప్లగ్గులు వచ్చాయి. రంధ్రాలు అంగుళం దూరంలో వరసగా ఉంటాయి, వాటి మధ్య సన్నటి చీలికలు కూడా ఉన్నాయి. స్టీలే ఎందుకంటే నేను ఇంతకుముందు హార్డ్‌బోర్డ్‌ది వాడా. అది చెక్క నార వొత్తి చేసే అట్ట లాంటిది, చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, కొన్నాళ్లకి రంధ్రాలు వదులైపోయి ప్లయర్ తీస్తే ప్లయర్‌తో పాటు హుక్కు కూడా చేతికొచ్చేసేది. వినడానికి చిన్న విషయమే కానీ పది సార్లు కింద పడిన హుక్కు వంగి తీసి పెట్టుకున్నాక పదకొండోసారి ఎవరూ పెట్టరు, పనిముట్టు మళ్లీ టేబుల్ మీదకే వస్తుంది. ఈ స్టీల్ బోర్డ్‌లో 8 నెలల్లో ఒక్క హుక్కు కూడా ఊడి రాలేదు. చీలికలోకి దూరే హుక్కులకి రెండు చోట్ల పట్టు ఉంటుంది కాబట్టి పక్కలకి కూడా ఊగవు. నేను ఈ కిట్‌కి మార్కులు వేసేది ముఖ్యంగా దీనికే.

బిగించడం కష్టం కాదు కానీ తొందరపడితే చెడిపోతుంది. ప్యానెల్ అంచులు వెనక్కి మడిచి ఉండడం వల్ల గోడకీ బోర్డుకీ మధ్య దాదాపు 2 సెంటీమీటర్లు ఖాళీ వస్తుంది, హుక్కు తోక తిరగడానికి ఆ ఖాళీ కావాలి. అలా మడత లేని బోర్డ్ కొంటే వెనక చెక్క పట్టీలు మీరే కొట్టుకోవాలి, గోడకి అతికించేస్తే ఒక్క హుక్కూ దూరదు. గోడలో ప్లగ్గులు పెట్టేటప్పుడు నేను మొదటి ప్యానెల్‌కి చేసిన తప్పు, డ్రిల్ చేశాక రంధ్రంలో దుమ్ము ఊదకుండా ప్లగ్ కొట్టేశా. స్క్రూ తిప్పుతుంటే ప్లగ్ కూడా దాంతో పాటే తిరుగుతోంది, పట్టు లేదు. 1958లో ఆర్టర్ ఫిషర్ కనిపెట్టిన ఈ నైలాన్ ప్లగ్ పనిచేసేదే లోపల విచ్చుకుని రంధ్రం గోడలని నొక్కి పట్టుకోవడం వల్ల, మధ్యలో దుమ్ము పొర ఉంటే ఏం పట్టుకుంటుంది? 8 మిల్లీమీటర్ల ప్లగ్‌కి 8 బిట్టే వాడాలి, ప్లగ్ పొడవు కన్నా ఒక సెంటీమీటర్ లోతు ఎక్కువ వెయ్యాలి, దుమ్ము పూర్తిగా లాగెయ్యాలి. మిగతా మూడు ప్యానెల్స్‌కి ఇలా చేస్తే చేత్తో పట్టుకుని వేలాడినా కదలట్లేదు. కిట్‌లో వచ్చిన ప్లగ్గులు మాత్రం నాసిరకం, పక్కన పడేసి మంచివి వేరే కొన్నా. రసమట్టం పెట్టి మొదటి ప్యానెల్ సరిగ్గా కూర్చోబెట్టండి, అది వెంట్రుకవాసి తేడా వచ్చినా నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక హుక్కులు. పొట్టివి చాలా బావున్నాయి, పొడుగువి బాలేదు. గోడ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో వేలాడే సుత్తికీ 20 సెంటీమీటర్ల దూరంలో వేలాడే అదే సుత్తికీ హుక్కు మొదట్లో పడే వొంపు బలం నాలుగింతలు తేడా. పొడుగు హుక్కులకి రెండు క్లాంపులు (చెక్కల్ని నొక్కి పట్టే బిగింపులు) తగిలించా, రెండు నెలల్లో ముక్కు కిందకి వాలిపోయింది. క్లాంపులకి ఇప్పుడు విడిగా చెక్క దూలం కొట్టి దాని మీద బిగించి ఉంచుతున్నా, అదే మేలు. స్క్రూడ్రైవర్ల పట్టీకి ఉన్న కంతలు సన్నవి, లావు పిడి ఉన్నవి కూర్చుంటాయి కానీ గట్టిగా లాగితే గానీ రావు. ప్లాస్టిక్ ట్రేలు తేలికైన వాటికి పర్లేదు, మేకులు నింపితే ముందుకి వాలుతున్నాయి.

పెట్టే పద్ధతి గురించి నేను నేర్చుకున్నది ఒకటుంది, ఇది కిట్‌తో వచ్చే కాగితంలో ఉండదు. చాలామంది బోర్డ్ బిగించిన రోజే పనిముట్ల ఆకారాలు చుట్టూ గీసేస్తారు, ఎక్కడిది అక్కడ పెట్టడానికి. ఆలోచన మంచిదే, కానీ మొదటి రోజు గీయకండి. ఒక నెల ఊరికే తగిలించి వాడండి. నేను చూడ్డానికి బావుంటుందని రంపాలన్నీ మధ్యలో పెట్టి కొలత టేపు, పెన్సిలు, మూలమట్టం చివరికి తోశా. వాడుతుంటే తెలిసింది, నేను రోజుకి ఇరవై సార్లు ముట్టుకునేవి ఆ మూడే, రంపం రెండు సార్లు. ప్రతిసారీ నాలుగు అడుగులు వేసి వెళ్లాలంటే చెయ్యి బద్ధకిస్తుంది, టేపు టేబుల్ మీదే ఉండిపోతుంది, దాని పక్కన ఇంకోటి చేరుతుంది, చెత్త మొదలయ్యేది అక్కడే. నెలలో మూడు సార్లు మార్చా. ఎక్కువ వాడేవి నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో, నేను నిలబడే చోటికి ఎదురుగా వచ్చాయి. బరువైనవి కింద వరసలో. గీతలు ఆ తర్వాత గీశా, ఇప్పటిదాకా మార్చాల్సిన అవసరం రాలేదు. సాయంత్రం లైట్ ఆపేముందు ఒక్క చూపు చూస్తే చాలు, ఖాళీ గీత కనిపిస్తే ఏది బయట ఉందో తెలిసిపోతుంది. మూసిన డబ్బాల్లో ఈ సుఖం లేదు.

ఉలులు మాత్రం హుక్కులకి తగిలించలేదు. తీసేటప్పుడు పక్క స్టీలుకి తగిలితే పదును పోతుంది. వాటికి చెక్కలో గాళ్లు చేసి బోర్డ్‌కి బిగించా. మా నాన్న చిత్రిక కూడా అక్కడే ఉంది. ఈ సర్దుడులో అటక మీద గోనెసంచిలో దొరికింది, తుప్పు పట్టిపోయి. స్టీల్ ఊల్, కాస్త నూనె పెట్టి ఒక సాయంత్రమంతా రుద్దితే కింద బ్లేడు ఇంకా బాగానే ఉంది. నాన్న చూసి ఏం మాట్లాడలేదు, తీసుకుని బ్లేడు బొటనవేలితో మెల్లగా తడిమి చూసి, ఇంకొంచెం పట్టాలిరా అన్నారు, ఆకురాయి కాదు నూనె రాయి తీసుకురా అన్నారు. ఆ రోజు నుంచి ఆయన రోజూ గ్యారేజ్‌లోకి వస్తున్నారు.

తుప్పు అంటే గుర్తొచ్చింది, ఓపెన్ బోర్డ్‌కి ఉన్న అసలు లోటు ఇదే. అన్నీ గాలికి బయటే ఉంటాయి, తేమ ఎక్కువున్న రోజుల్లో రంపాల మీద ఎర్రటి పొర వస్తోంది. నెలకోసారి పల్చగా మిషన్ ఆయిల్ గుడ్డతో తుడుస్తున్నా. అది చేసే ఓపిక లేనివాళ్లు పదునున్నవి తలుపులున్న అల్మరాలోనే పెట్టుకోండి.

నట్లు, బోల్టులకి ఈ కిట్ పనికిరాదు, విడిగా పారదర్శకంగా ఉండే చిన్న డ్రాయర్ల పెట్టె తీసుకున్నా. పెట్టె బావుంది, డ్రాయర్ వెనక ఆపే మెట్టు లేదు, గట్టిగా లాగితే మొత్తం చేతికొచ్చి వాషర్లన్నీ నేల మీద. సర్దేటప్పుడు ఒకటి గమనించండి, ఎం6 బోల్టూ పావు అంగుళం బోల్టూ చూపుకి కవలల్లా ఉంటాయి. ఒకటి 6 మిల్లీమీటర్లు, ఇంకోటి 6.35. మరల మధ్య దూరం ఒకదానికి 1 మిల్లీమీటర్, రెండోదానికి, అంగుళానికి 20 మరలుండే రకమైతే, 1.27. చేత్తో తిప్పినప్పుడు రెండు మూడు చుట్లకి బిగుసుకుపోతే అది దాని జత కాదు, పానా పెట్టి బలవంతం చేస్తే మర అరిగిపోతుంది. నా దగ్గర రెండూ ఒకే డబ్బాలో కలిసి ఉండేవి, మంచి బోల్టులు ఎన్ని పాడుచేశానో. ఇప్పుడు ప్రతి డ్రాయర్ ముందు లోపలున్న బోల్టు ఒకటి బయట అంటించా, చీటీ చదవక్కర్లేదు. డ్రిల్ బ్యాటరీలు మేకుల ట్రేకి దూరంగా పెట్టండి, రెండు టెర్మినల్స్ మధ్య ఇనుము తగిలితే షార్ట్ అవుతుంది. చాన్నాళ్లు వాడకపోతే సగం ఛార్జ్‌తో చల్లటి చోట ఉంచితే ఎక్కువ కాలం వస్తాయి.

మార్కులు అడిగితే ప్యానెల్స్‌కి 5కి 5, పొట్టి హుక్కులకి 5, పొడుగు హుక్కులకీ ట్రేలకీ 2, ప్లగ్గులకి సున్నా. మొత్తం మీద 4 ఇస్తా. అద్దె ఇంట్లో గోడకి 16 రంధ్రాలు వెయ్యలేని వాళ్లకి ఇది కుదరదు, చక్రాల స్టాండ్‌కి బిగించే రకం చూసుకోండి. చేతి పనిముట్లు ఓ ఇరవై లోపే ఉంటే ఒక మంచి టూల్ బాక్స్ సరిపోతుంది, గోడంతా బోర్డ్ అక్కర్లేదు. నాకింకో రెండు ప్యానెల్స్ కావాలి, గ్రైండర్ వైపు గోడకి, కానీ ఈసారి పొడుగు హుక్కులు లేకుండా విడి ప్యానెల్స్ మాత్రమే తీసుకుంటా. వాటిలో ఒకటి కాస్త కింద ఎత్తులో బిగించమని నాన్న ఇప్పటికే కొలత గీసి పెట్టారు, కుర్చీలో కూర్చుంటే చెయ్యి అందేలా.