మేత షాపుల వాళ్లూ, ఆ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఇది చదవండి

భీమవరం చుట్టుపక్కల మేత షాపులకు బిల్లుల అప్లికేషన్ చేసిపెడతానని తిరుగుతున్న ఆయన మీ దగ్గరికీ వచ్చే ఉంటాడు. పేరు రాయను. "అడ్మిన్‌కు వేరే లాగిన్, గుమాస్తాకు వేరే లాగిన్, రైతుకు వేరే లాగిన్" అని ప్రతి షాపులోనూ అదే పాఠం చెబుతాడు. ఆ మాట నమ్మి 85,000 రూపాయలు ఇచ్చాను. నిన్న సాయంత్రం నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మాది ఆకివీడు దగ్గర రొయ్యల మేత షాపు. మేత అరువు మీద వెళ్తుంది, డబ్బు రొయ్యల పట్టుబడి అయ్యాక వస్తుంది, అది మీకు తెలిసిందే. మామయ్య గారు ముప్పై ఏళ్లు ఖాతా పుస్తకాన్ని బీరువాలో పెట్టి, ఆ తాళం చెవి మొలతాడుకు కట్టుకుని తిరిగారు. ఒకరి బాకీ ఇంకొకరి చెవిన పడనివ్వలేదు. ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని పోరు పెట్టింది నేనే.

నేను అడిగింది తేలికైన విషయమే. అన్నీ చూసే, మార్చే అధికారం నాకూ మామయ్య గారికీ ఉండాలి. గుమాస్తా బిల్లు రాయాలి గానీ రేటు మార్చకూడదు, రాసిన బిల్లు తీసేయకూడదు. రైతు తన ఖాతా తప్ప ఇంకొకరిది చూడకూడదు. ఆయన మా బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. నా పేరుతో లాగిన్ అయితే 'రేట్లు', 'ఖాతాలు', 'తొలగించు' అనే బటన్లు కనిపించాయి. గుమాస్తా పేరుతో అయితే లేవు. అది చూసి మిగిలిన డబ్బు మొత్తం ఆ రోజే ఇచ్చేశాను.

నిన్న కాళ్ల మండలం వైపు నుంచి వచ్చే ఒక రైతు, ఇంజనీరింగ్ చదివే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. మేత కోసం కాదు. కుర్చీలో కూర్చోకుండానే, "అమ్మా, మావాడు ఏదో చూపిస్తున్నాడు, ఒకసారి చూడండి" అన్నాడు. ఆ అబ్బాయి ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద వాళ్ల నాన్న ఖాతా ఉంది. పైన అడ్రస్ చివర 57 అనే అంకె ఉంది. ఏడు చెరిపి ఎనిమిది కొట్టాడు. పక్క చెరువు రైతు పేరు, ఫోను నంబరు, బాకీ 4,12,600 రూపాయలు, ఏ తారీఖున ఎన్ని బస్తాలు తీసుకెళ్లాడో వరుసగా వచ్చాయి. 59 కొట్టాడు. ఇంకొకరిది వచ్చింది. తర్వాత అంకె తీసేసి ఆ చోట అడ్మిన్ అని కొట్టాడు. నా గదిలో నేను మాత్రమే చూడాల్సిన పేజీ, 'తొలగించు' బటన్‌తో సహా, ఒక రైతు ఫోనులో తెరుచుకుంది.

ఆ పెద్దాయన గొంతు తగ్గించి, "మరి నాదీ అందరూ చూసే ఉంటారు కదమ్మా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పోయిన పంటలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి నష్టపోయిన మనిషి. ఆ బాకీ సంగతి ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదని నాకు తెలుసు.

వెంటనే ఆ సాఫ్ట్‌వేర్ ఆయనకు ఫోను చేశాను. మూడోసారికి ఎత్తాడు. నేను చెప్పిందంతా విని, "ఆ అడ్రస్ మీవాళ్లకు ఎలా తెలుస్తుంది మేడమ్? తెలియకపోతే ఏ ఇబ్బందీ లేదు కదా" అన్నాడు. తెలిసిపోయిందయ్యా అంటే, "మీరు అడిగింది లాగిన్లు. రోల్స్, అంటే ఎవరికి ఏ అధికారం అన్నది, అడగలేదు. అవి కావాలంటే ఇంకో నలభై వేలు అవుతుంది" అన్నాడు. మాట తప్పుతున్నారు అన్నాను. అప్పుడు అన్న మాట ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది: "మేత బస్తాలు అమ్ముకునే షాపుకు బ్యాంకు లాంటి భద్రత ఎందుకండీ?" ఫోను పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

మేత బస్తాలు అమ్ముకునే షాపే. నూట నలభై కుటుంబాల అప్పు వివరాలు ఆ షాపులో ఉన్నాయి. మమ్మల్ని నమ్మి ఇచ్చిన వివరాలు అవి. ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చింది?

రాత్రి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పెద్దమ్మ గారి అబ్బాయికి అన్నీ చూపించాను. అన్నయ్య పావుగంటలో తేల్చేశాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఆయన గుమాస్తాకు, రైతుకు బటన్లు కనిపించకుండా దాచాడు, అంతే. సర్వర్, అంటే లెక్కలన్నీ ఉండి పేజీలు పంపే అవతలి కంప్యూటర్, ఎవరినీ ఆపడం లేదు. లాగిన్ అయిన వాళ్లు ఏ పేజీ అడిగినా ఇచ్చేస్తోంది. గుమ్మానికి తెర కట్టి, తాళం వేశానని చెప్పడమే ఇది. లాగిన్ అంటే వచ్చింది ఎవరో గుర్తుపట్టడం. ఆ మనిషి ఏమి చూడవచ్చు, ఏమి మార్చవచ్చు అన్నది వేరే ప్రశ్న. పేజీ తెరిచిన ప్రతిసారీ, బటన్ నొక్కిన ప్రతిసారీ సర్వర్ ఆ ప్రశ్న వేసుకోవాలి. హక్కు లేకపోతే 403, అంటే 'అనుమతి లేదు' అని తిప్పి పంపాలి.

ఇదేమీ నలభై వేలు పెట్టి కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. మనుషులకు పాత్రలు (రోల్స్) ఇచ్చి, పాత్రలకు అధికారాలు ఇచ్చే పద్ధతిని ఫెరయోలో, కూన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1992లోనే పత్రంగా రాశారు. వెబ్‌సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటర్ నుంచి సబ్‌స్క్రైబర్ వరకు అయిదు పాత్రలు ముందే ఉంటాయి. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2017లో ఇచ్చిన పెద్ద ముప్పుల జాబితాలో, హక్కు సరిచూడకపోవడం అనే ఈ లోపం అయిదో స్థానంలో ఉంది. 2021 జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. ఈ వృత్తిలో ఉన్న మనిషికి ఇది తెలియదంటే నమ్మను.

అసలు దెబ్బ ఇంకొకటి ఉంది. ఈ ఉదయం గోడౌన్‌లో సరుకు లెక్క పెడితే, బిల్లుల లెక్కకూ దానికీ 78 బస్తాలు తేడా వచ్చింది. సుమారు 1,86,000 రూపాయలు. ఎవరో బిల్లులు తొలగించారు. ఎవరన్నది తెలియదు. ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో రాసిపెట్టే చిట్టా ఆయన పెట్టనే లేదు. పైగా అడ్మిన్ ఖాతా ఒక్కటే. నేను, మామయ్య గారు, ఆయన, ముగ్గురం అదే పాస్‌వర్డ్‌తో వెళ్తున్నాం. పదకొండేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్న గుమాస్తా నా ముందు నిలబడి, "నేను కాదమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నువ్వు కాదని నాకు తెలుసు అని గట్టిగా చెప్పలేకపోయాను. అందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఆయన చూపించింది చూశానే గానీ, గుమాస్తా లాగిన్‌తో కూర్చుని నా అంతట నేను ఒక్కసారి పరీక్షించి ఉంటే ఈ రోజు వచ్చేది కాదు.

కొనబోయేవాళ్లు చివరి విడత డబ్బు ఇచ్చే ముందు ఒక పని చేయండి. అడ్మిన్ పేజీ అడ్రస్ కాపీ చేసి, గుమాస్తా లాగిన్‌లో అతికించి చూడండి. రైతు ఖాతా అడ్రస్‌లో అంకె మార్చి చూడండి. అడ్మిన్ ఖాతా ఎవరిది వాళ్లకు వేరుగా ఉండాలి, తయారుచేసిన మనిషి ఖాతా పని అయ్యాక మూసేయాలి, మార్పుల చిట్టా ఉండాలి. ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. నేను నోటిమాటతో సరిపెట్టుకున్నాను.

ఇప్పటికే ఆయన దగ్గర కొన్నవాళ్లు రేపటిదాకా ఆగవద్దు. ఈ రాత్రే ఆ అంకె మార్చి చూడండి. పక్కవాళ్ల ఖాతా తెరుచుకుంటే, బాగయ్యేదాకా రైతుల లాగిన్లు ఆపేయండి. మావి మధ్యాహ్నమే ఆపేశాం. మామయ్య గారు మళ్లీ పాత పుస్తకం తీసి, 57వ ఖాతా నుంచి చేత్తో రాయడం మొదలుపెట్టారు.